విరిగిన చోటు చూపించు

పెద్దమామగారు కూర్చుంటున్నప్పుడు అందరూ ఆయన్ని కాక కుర్చీని చూశారు. చిన్నకోడలు తన చేతులతో చేసిన కుర్చీ అది. వంపు తిరిగిన వీపు, తేనెరంగు వార్నిష్, మొహం చూసుకునేంత నున్నటి చేతులు. ఆయన ఒకసారి వెనక్కి వాలి, "బాగుందమ్మా" అన్నారు. టీ కప్పు అందుకున్నారు. రెండోసారి వాలారు. లోపలెక్కడో గింజ చిట్లినట్టు చిన్న చప్పుడైంది. వెనక కాలు పక్కకి జారింది. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎదుటివాళ్ళని నిలబెట్టి మాట్లాడటమే గాని తను తూలి ఎరగని ఆ ఇంటి పెద్దదిక్కు, టీతో సహా వెల్లకిలా నేల మీదికి వచ్చారు.

దెబ్బేమీ తగల్లేదు. తగిలి ఉంటే బాగుండేదని చిన్నకోడలికి తర్వాత చాలాసార్లు అనిపించింది. అప్పుడు కనీసం ఎవరో ఒకరు మనస్ఫూర్తిగా కోప్పడేవారు. జరిగింది అంతకంటే ఘోరం. అందరూ ఓదార్చారు.

"పరవాలేదమ్మా, కొత్త కదా," అన్నారు పెద్దమామగారు చొక్కా మీద టీ దులుపుకుంటూ.

"ఇంతవరకూ చెయ్యగలగడమే గొప్ప. నాకు గోడకి మేకు కొట్టడం కూడా చేతకాదు," అంది అత్తగారు, అదేదో పోటీ అన్నట్టు.

తోడికోడలు దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. "కాలక్షేపానికి చేసినదానికి ఇంత బాధెందుకు చెల్లీ? చూడ్డానికి ఎంత ముద్దుగా ఉందో. కాలు అతికించి, పైన పూలకుండీ పెట్టుకో."

ఆ చెయ్యి చిన్నకోడలికి పిండని తడిగుడ్డలా అనిపించింది. ముద్దుగా ఉందట. కుర్చీని ముద్దుగా ఉందనడం, పాట పాడినావిడని చీర బాగుందనడం లాంటిది.

ఆమె ఒకప్పుడు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేసేది. ఆ ఆఫీసు మూతపడ్డాక, కారు అమ్మేసిన తర్వాత ఖాళీగా పడి ఉన్న షెడ్డులో రంపం, ఉలి, చిత్రిక పెట్టుకుని చెక్కపని మొదలుపెట్టింది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. నేర్చుకోవలసినంత వాడు ఎవడూ ఆమెకి కనబడలేదు. వీధి చివరి వడ్రంగి పని మొరటు అనుకుంది. వీడియోల్లో చెప్పేవాళ్ళు వాగుడుకాయలు అనుకుంది. కాగితం మీద గీత తన మాట విన్నట్టే చెక్క కూడా వింటుందని నమ్మింది. జంట కుర్చీలు చేసి, కిటికీ వెలుతురులో ఫొటోలు తీసి పెడితే జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్ళలో ఒక్కరూ వాటి మీద కూర్చోలేదు.

కుర్చీ విరిగిన రోజు సాయంత్రమే ఆమె తీర్పు సిద్ధమైపోయింది. పెద్దమామగారు లావు. చెక్క అమ్మినవాడు దొంగ. ఆడలేక మద్దెల ఓడు అన్న మాట ఆమెకి తెలియక కాదు. అది వేరేవాళ్ళ గురించి పుట్టిన సామెత అనుకునేది.

ఇంట్లో ఓదార్పు చాలనట్టు బయట కూడా వెతుక్కుంది. ఫోన్‌లో 'గెలుపు గూడు' అని ఒక గ్రూపు ఉంది. జాతరంత జనం. దాన్ని నడిపే ఆవిడ పేరు వెలుగక్క. పొద్దున్నే సూర్యుడి బొమ్మ పెట్టి, "ఓటమి అనేది లేదు, గెలుపుకి మారుపేరు అంతే" అని రాస్తుంది. వ్యాపారం మునిగినవాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు, మాడిన కేకులవాళ్ళు అందరూ అక్కడే ఒకరి వీపు ఒకరు నిమురుకుంటూ ఉంటారు. చిన్నకోడలు విరిగిన కుర్చీ ఫొటో పెట్టింది. గంట తిరక్కుండా పూలు, గుండెలు, దణ్ణాలు కుప్పపడ్డాయి. "నువ్వు వజ్రానివి." "నీ ప్రయాణానికి సలాం." "ఆ కుర్చీకి నీ విలువ తెలియదు."

నిజం చెప్పాలంటే ఆమెకి అది మొదటిరోజు హాయిగానే ఉంది. వెన్న పూస్తుంటే ఒళ్ళు తప్పించుకునేవాళ్ళు ఎవరు? రెండోరోజు ఎవరో రాశారు: "కుర్చీ విరగలేదమ్మా. విశ్రాంతి తీసుకోమని విశ్వం నీకు చెప్పింది."

ఆ మాట దగ్గర ఆమెకి నోట్లో చక్కెర ఎక్కువై వెగటు పుట్టినట్టయింది. విశ్వానికి వేరే పని లేదు కాబోలు, ఈ షెడ్డులోకి వచ్చి పెద్దమామగారి కింద కుర్చీ కాలు లాగింది. ఆ మాట కిందే ఆమె సూటిగా అడిగింది: "ఇదంతా సరే. అసలు ఎందుకు విరిగిందో ఎవరికైనా తెలుసా?"

అంత జనంలో ఒక్కరూ చెప్పలేదు. వెలుగక్క స్వయంగా దిగి వచ్చింది. "ఎందుకు అని అడక్కు తల్లీ. దీని నుంచి ఏం నేర్చుకున్నానని అడుగు."

"ఎందుకు విరిగిందో తెలియకుండా ఏం నేర్చుకుంటానండీ?"

ఆ ప్రశ్న కాసేపటికి మాయమైంది. దానితోపాటు గ్రూపులోంచి చిన్నకోడలు కూడా మాయమైంది. గూటిలో గట్టిగా అరిచే పిట్టలకి చోటు లేదన్నమాట.

అయితే ఆ కాసేపట్లో ఒక మనిషి ఆ ప్రశ్న చదివాడు. 'రేకు డబ్బా' అని పేరు పెట్టుకున్నాడు. పగలు లిఫ్టులు బాగుచేస్తాడట, ఖాళీ దొరికితే బల్లలు చేస్తాడట. విడిగా రాశాడు. "మా దగ్గర ఇంకో గ్రూపుంది. పట్టుమని ముప్పైమంది ఉండం. విరిగినవి మాత్రమే పెట్టాలి. 'అయ్యో' అని రాయడం నిషేధం. ఏడుపొస్తే ఏడ్చేసి రండి, అక్కడికొచ్చి ఏడవకండి."

ఆ మర్యాద తక్కువ ఆహ్వానం ఆమెకి నచ్చింది. చేరి, తన ఫొటోల్లో అన్నిటికంటే అందంగా వచ్చినది ఏరి పెట్టింది. కింద నాలుగు ముక్కలు రాసింది: కుర్చీ బాగా వచ్చింది, కూర్చున్నాయన బాగా బరువు, చెక్క నాసిరకం.

మొదటి జవాబు 'గడ్డపార' అనే ఆయన నుంచి వచ్చింది. ఆ గ్రూపులో అందరికంటే పాతవాడు, అందరికంటే నోరు చెడ్డవాడు ఆయనే.

"ఇది కుర్చీ ఫొటోనా, పెళ్ళిసంబంధానికి పంపిన ఫొటోనా? విరిగిన చోటు చూపించు."

ఒళ్ళు మండింది. విరిగిన చోటు తీసి పెట్టింది.

"ఆయన ఎంత బరువుంటాడు? ఏనుగా?"

"ఏనుగు కాదు. మా పెద్దమామగారు."

"మనుషులు కూర్చోవడానికే కదా కుర్చీ చేశావు? మనుషుల్లో మామగార్లు ఉండరా? చెక్కకేం రోగం లేదు. చెక్క విరిగితే పీచు చీలుతుంది. ఇక్కడేదీ చీలలేదు, నాలుక ఊడి బయటికొచ్చింది. నీది విరగడం కాదు, ఊడటం. ఇంత తేడా తెలియకుండా వార్నిష్ ఎలా పూశావమ్మా?"

కుర్చీ కాళ్ళని కలిపి పట్టేవి అడ్డపట్టీలు. పట్టీ చివర నాలుకలా చెక్కి, కాలిలో తొలిచిన బెజ్జంలోకి దూర్చి బిగిస్తారు. కుర్చీ ప్రాణమంతా ఆ చీకట్లోనే ఉంటుంది, పైకి కనబడదు. గడ్డపార అడుగుతున్నది ఆ చీకటి గురించి.

చిన్నకోడలు ఊరుకోలేదు. ముఖం చూడకుండా రోగం చెప్పే వైద్యులు చాలామంది ఉన్నారని రాసింది. జిగురు కంపెనీని తిట్టింది. 'నిద్రమొహం' అనే ఒకావిడ, ఆస్పత్రిలో నర్సు, తన డ్యూటీ మధ్యలో ఒకే వాక్యం రాసింది: "జంట కుర్చీ ఉందన్నారుగా, దాని కాలు కోసి చూసుకుంటే గొడవ వదిలిపోతుంది."

"బాగున్న కుర్చీని కొయ్యాలా?"

"బాగుందో లేదో నీకెలా తెలుసు?" అన్నాడు గడ్డపార. "ఇంకో మామగారు పడేదాకా ఆగుతావా?"

ఆ రెండో కుర్చీ హాల్లో ఉంది. పైన పూలకుండీ కూడా చేరింది, తోడికోడలి పుణ్యమా అని. వచ్చినవాళ్ళందరికీ అత్తగారు దాన్ని చూపించి, "మా చిన్నకోడలు చేసింది, కూర్చోకండి" అని చెప్పేది. ఆ మాటలో వెక్కిరింత కూడా ఉండేది కాదు, అదే కడుపు మండించేది. నాలుగురోజులు దాని చుట్టూ తిరిగి, ఒక మధ్యాహ్నం కుండీ దించి, కుర్చీని షెడ్డులోకి ఈడ్చుకుపోయింది.

గుమ్మంలో అత్తగారు నిలబడింది. "ఉన్నదొక్కటీ కూడా కోసేస్తున్నావా?"

"ఉన్నదో లేదో చూద్దామని అత్తయ్యా."

కాలిని నిలువునా, బెజ్జం మధ్య నుంచి రంపంతో కోసింది. రెండు చెక్కలూ విడివడ్డాయి. లోపల లోతైన బెజ్జం. అందులో సగం కూడా చేరని పొట్టి నాలుక. మిగిలిన గుంటనిండా ఎండిపోయిన జిగురు, పాత చీమిడిలా.

పైన పటారం, లోన లొటారం.

ఆమెకి అప్పుడు ఇంకొకటి కూడా తెలిసింది, అది ఇంకా చేదు. నాలుక పొట్టిగా వచ్చిన సంగతి దాన్ని చెక్కిన రోజే చూసింది. బయటికి అతుకు సన్నగా, అందంగా కూర్చుంది గదా, లోపలెవడు తొంగి చూస్తాడు, జిగురు మోస్తుందిలే అనుకుంది. ఇన్నాళ్ళూ ఆమె తక్కువగా చూసిన ఆ వీధి చివరి వడ్రంగి పని మొరటే, కాని అతను చేసిన కుర్చీల మీద జనం కూర్చుంటున్నారు.

ఫొటో తీసింది, ఈసారి వెలుతురు కోసం వెతకలేదు. కింద రాసింది: "నాలుక పొట్టి. తెలిసే దూర్చాను. మామగారి బరువుకీ దీనికీ సంబంధం లేదు."

'నువ్వు వజ్రానివి' అని ఎవరూ అనలేదు. 'నిజం ఒప్పుకున్నావు, శభాష్' అని కూడా అనలేదు. నిద్రమొహం, బెజ్జం లోతు కొలిచే తేలిక పద్ధతి ఒకటి రాసింది. రేకు డబ్బా, తన మొదటి బల్ల లోపలి ఫొటో పెట్టాడు, దాని నాలుకలు ఇంకా పొట్టి. గడ్డపార అన్నాడు: "సరే. ఇక పని మాట్లాడుకుందాం."

చాలా రోజుల తర్వాత ఆ రాత్రి ఆమె కడుపునిండా తింది.

ఆ తర్వాత ఆమె కుర్చీల జోలికి పోలేదు. అతుకులే చేసింది. చేసి, ఆరబెట్టి, మోకాలితో తొక్కి విరగ్గొట్టి, విరిగిన చోటు ఫొటో తీసి పెట్టేది. తిట్లు పడేవి. "ఇది నాలుకా, నత్తిమాటా?" "బెజ్జం తొలిచావా, ఎలక కొరికిందా?" ప్రతి తిట్టు వెనకాలా ఒక సంగతి ఉండేది: ఉలి ఎటు తిప్పాలి, పచ్చి చెక్క ఎందుకు ముడుచుకుంటుంది, జిగురు ఎంతవరకు చుట్టం, ఎక్కణ్ణుంచి శత్రువు. అతుకులు విరగడం మెల్లమెల్లగా కష్టమైంది. మోకాలు చాలక రాయి తెచ్చుకోవలసి వచ్చింది.

ఇంట్లో వాళ్ళకి ఇది పిచ్చి ముదిరినట్టుగా కనబడింది. "చెక్కలు కలపడం, విరగ్గొట్టడం. పోనీ పొయ్యిలోకైనా పనికొస్తాయా చెల్లీ?" అంది తోడికోడలు, ఎంతో ఆప్యాయంగా.

ఒకరోజు భర్త ఆమె ఫోన్ చూశాడు. మొహం ఎర్రగా చేసుకుని షెడ్డులోకి వచ్చాడు.

"ఎవరే వీళ్ళు? ముక్కూమొహం తెలియనివాళ్ళు నిన్ను ఇన్నేసి మాటలంటుంటే పడుంటావా? మా ఇంట్లో నిన్ను ఒక్కరు పల్లెత్తు మాట అన్నారా?"

"అనలేదండీ. అదే బాధ."

"అంటే?"

"వీళ్ళు నా పనిని తిడతారు. మీవాళ్ళు నన్ను మెచ్చుకుంటారు. కుర్చీ విరిగిపోతే ఎందుకు విరిగిందని మీ ఇంట్లో ఒక్కరు అడిగారా? అడగరు. ఎందుకంటే అది నిలబడుతుందని ఎవరూ అనుకోలేదు. పసిపిల్ల గోడ మీద గీసిన ఏనుగు బొమ్మకి తొండం ఏదని ఎవరూ అడగరుగా."

భర్తకి కోపం వచ్చింది. మంచివాడే, కాని మంచితనం అన్నిటికీ సరిపోతుందనుకునే రకం. రెండురోజులు ముభావంగా తిరిగాడు. మూడోరోజు షెడ్డు గుమ్మంలో నిలబడి, ఎదురుగా ఉన్న అతుకుల్లో ఒకటి తీసి, చూసి, "ఇది ఎందుకు విరిగింది?" అన్నాడు. అడగడం ఇబ్బందిగానే ఉంది అతనికి. ఆమె చెప్పింది. సగం అర్థం కాలేదు, అయినా కదలకుండా విన్నాడు.

ఎండాకాలం వెళ్ళేసరికి ఆమె మళ్ళీ కుర్చీ చేసింది. వార్నిష్ లేదు, వంపులు లేవు. బిగించకముందు తీసిన ఫొటోల్లో గ్రూపంతా కలిసి వెతికినా లోపల తప్పు దొరకలేదు. వీపు నిటారుగా ఉంది, కూర్చున్నవాడికి నడుం నొస్తుందని మాత్రం గడ్డపార సణిగాడు. ఆ సణుగుడు ఆమె ఒకటికి రెండుసార్లు చదువుకుంది.

సరిగ్గా అప్పుడే గడ్డపార ఒక ఫొటో పెట్టాడు. పొడుగాటి బెంచీ, ఒక కొస నేల మీద ఉంది. కింద నాలుగు ముక్కలు: "నాది. జనం కూర్చునే చోట పెట్టాను. ఒక పెద్దావిడ పడింది. మణికట్టు విరిగింది."

ఆ గ్రూపు పరువేమిటో ఆ రోజు బయటపడింది. ఎదుటివాడి పనిని చీల్చి చెండాడే ఆ శూరులంతా ఒక్కసారిగా ప్లేటు ఫిరాయించారు. "మీకే ఇలా జరిగిందంటే ఇక మేమెంత సార్." "ఎవరి చేతిలో ఉంది, అంతా టైము." "మీరు బాధపడకండి." రేకు డబ్బా అయితే దణ్ణం బొమ్మ కూడా పెట్టాడు. నిషేధించిన 'అయ్యో' ఒక్కటే తక్కువ, దాని అక్కలూ చెల్లెళ్ళూ అందరూ వచ్చేశారు.

చిన్నకోడలు అది చదివి ఛీ అనుకుంది. పులిలా తిరిగిన గ్రూపు, పెద్దాయన పడగానే పిల్లి అయిపోయింది. వెలుగక్కకీ వీళ్ళకీ తేడా సూర్యుడి బొమ్మ ఒక్కటే. తిట్టుకుంటూనే తను కూడా ఏమీ రాయకుండా ఫోన్ పక్కన పెట్టింది. పెట్టాక ఆ ఛీ తనకి కూడా వర్తిస్తుందని తోచింది. ఆయన దగ్గర నేర్చుకుని, ఆయనకి అవసరమైనప్పుడు నోరు కుట్టేసుకోవడం గౌరవమా? అది విరిగిన కుర్చీ మీద పూలకుండీ పెట్టే గౌరవం.

ఫోన్ తీసి ఫొటోని పెద్దది చేసి చూసింది. కాలు దూరిన బెజ్జం పక్కనే చెక్కలో నల్లటి ముడి. ముడి ఉన్న చోట పీచు చుట్టు తిరుగుతుంది, బరువు మొయ్యదు. ఈ సంగతి ఆమెకి చెప్పింది ఎవరు? ఆయనే.

రాసింది. "ముడి పక్కన బెజ్జం తొలిచారు. ఆ ముడి మీ కంట్లో పడలేదంటే నమ్మను. పడింది. కొత్త చెక్క తియ్యడానికి బద్ధకించి పెట్టేశారు. పడినావిడ చెయ్యి ఎలా ఉంది?"

గ్రూపు భగ్గుమంది. పెద్దాయనతో మాట్లాడే తీరు అదేనా అని ఒకరు, నిన్న మొన్న ఉలి పట్టినదానివి అని ఒకరు. రేకు డబ్బా, "మిమ్మల్ని తీసుకొచ్చి తప్పు చేశాను" అని రాసి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అది ఆమెకి గట్టిగానే తగిలింది. తనని లోపలికి పిలిచిన మనిషి అతనొక్కడే. అయినా రాసినది చెరిపెయ్యలేదు.

మర్నాడు మధ్యాహ్నం, ఆమె చిత్రిక పడుతుండగా ఫోన్ మోగింది. తెలియని నంబరు.

"గడ్డపారని," అంది అవతలి గొంతు. అంత నోరున్న మనిషికి గొంతు చాలా మెత్తగా ఉంది. వెనకాల ఏదో సన్నటి మిషను గుయ్యిమంటోంది.

"చెప్పండి."

"చూశాను. చూసే పెట్టాను. నువ్వన్నది నిజమే."

"ఆవిడ?"

"కట్టు కట్టారు. ఆరు వారాలన్నారు. నేను పళ్ళ డాక్టర్నమ్మా. అది మా ఆస్పత్రిలో బెంచీ. ఆవిడ నా పేషెంటు, కింద పడి, చెయ్యి పట్టుకుని కూడా 'పరవాలేదు డాక్టరుగారూ' అంది. కాంపౌండరు పరవాలేదన్నాడు. మా ఇంటావిడ పరవాలేదంది. గ్రూపులో చూస్తే అదే పాట. పరవాలేదనేవాళ్ళు నా చుట్టూ ఎప్పుడు ఇంతమంది చేరారో నాకే తెలియలేదు. ఊళ్ళోవాళ్ళ పళ్ళు కదిపి చూడటమే గాని, నావి ఎవరూ కదపడం లేదు."

ఓదార్చే మాట ఒకటి ఆమె నాలుక చివరిదాకా వచ్చింది, మింగేసింది.

"కొత్త బెంచీ నువ్వు చేసి పంపుతావా?" అన్నాడాయన. "నాకు చెయ్యి ఆడటం లేదు."

ఆమె ఆలోచించింది. చేస్తే బాగానే ఉంటుంది. ఆస్పత్రికి వచ్చినవాళ్ళందరూ కూర్చునే బెంచీ. పేరు వస్తుంది.

"చెయ్యను," అంది. "మీరే చెయ్యండి. అతుకు చేసి, కోసి, లోపల చూపించండి. నేను చూస్తాను."

అవతల మిషను ఆగింది.

"నోరు బాగా పెరిగింది నీకు."

"పెంచినవాళ్ళని అడగండి."

ఆయన నవ్వలేదు. ఫోన్ పెట్టేశాడు. ఆదివారం గ్రూపులో ఒక ఫొటో వచ్చింది. నిలువునా కోసిన అతుకు. కొత్త చెక్క, ముడి లేదు, నాలుక పొడుగ్గానే ఉంది, కాని ఒక పక్క చీకటి గీతలా సందు.

అందరూ చూశారు. నిద్రమొహం ఒక్కతే, భయపడుతూనే కాబోలు, "ఉలి వాలినట్టుంది సార్" అంది.

"వాలినట్టుంది కాదు, వాలింది," అని రాసింది చిన్నకోడలు. "చెయ్యి వణికింది. భయపడుతూ తొలిచారు. మళ్ళీ చెయ్యండి."

"అలాగే," అని వచ్చింది జవాబు.

ఆమె ఫోన్ బల్ల మీద బోర్లించి, ఆపిన చిత్రిక అందుకుంది.